బూట్లు ఉంచుకోమన్నది నేనే

సింగపూర్ తెలుగువాళ్ళలో ఒక కథ తిరుగుతోంది. వ్రతం రోజున ఒక తెలుగువాళ్ళ ఇంటికి భోజనానికి వచ్చిన టర్కీ అతను బూట్లతో దేవుడి గదిలోకి నడిచాడట. పెద్దాయన ఒకరు గద్దిస్తే గానీ విప్పలేదట. విప్పుతూ వాళ్ళ భాషలో ఏదో గొణిగాడట. ఈ మధ్య ఆ కథలోకి ముగ్గు కూడా వచ్చి చేరింది. గుమ్మం ముందు వేసిన ముగ్గును తొక్కుకుంటూ లోపలికి వెళ్ళాడట.

ఆ ఇల్లు మాది. ఆ రోజు మా గుమ్మం ముందు ముగ్గు లేదు. మా ఇంట్లో దేవుడి గదీ లేదు. టాంపినీస్‌లో అద్దెకు ఉండే ఫ్లాట్‌లో దేవుడికి గది ఎక్కడినుంచి వస్తుంది? హాల్లో టీవీ పక్కన గోడకు బిగించిన చెక్క అర, అందులో రెండు పటాలు, ఒక దీపం. సోఫాలో ఎవరు కూర్చున్నా వాళ్ళ మోకాళ్ళు ఆ అర కిందికే వస్తాయి. మా అమ్మాయి రోజూ అక్కడే కూర్చుని కార్టూన్లు చూసేది.

ఇక బూట్ల సంగతి. విప్పబోతున్న మనిషిని ఆపి, ఉంచుకోమన్నది నేనే.

ఈ ఒక్క వాక్యం అప్పుడే చెప్పి ఉంటే కథ పుట్టేది కాదు. చెప్పలేదు. ఇప్పుడు ఆ కథ ఎవరి నోట విన్నా ఒళ్ళు మండుతుంది. చెప్పేవాళ్ళ మీద మండుతుంది, వింటూ నవ్వేవాళ్ళ మీద మండుతుంది, అన్నిటికంటే ఎక్కువగా వాళ్ళ మధ్య కూర్చుని కాఫీ తాగిన నా మీద మండుతుంది.

చాంగీ బిజినెస్ పార్క్‌లో ఒక బ్యాంకు లెక్కలు చూసే ఆఫీసులో అతనూ నేనూ ఒకే వరసలో కూర్చునేవాళ్ళం. అతనిది అంకారా. నాకంటే నాలుగైదేళ్ళు చిన్న. చేరిన కొద్ది రోజులకే నన్ను ‘అబీ’ అని పిలవడం మొదలుపెట్టాడు. వాళ్ళ భాషలో అన్న అని. మన కుర్రాళ్ళు ముక్కూ మొహం తెలియనివాడిని కూడా అన్నా అన్నట్టే వాళ్ళూ అంటారట. మధ్యాహ్నం నాకంటే ముందు కిందికి దిగి, టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పడేసి ఇద్దరికీ చోటు చోప్ చేసేవాడు, అంటే ఎవరూ కూర్చోకుండా పట్టి ఉంచేవాడు. ఇంగ్లీషులోనే మాట్లాడుకునేవాళ్ళం, ఇద్దరమూ తప్పులతో. అందుకే కాబోలు దాపరికం ఉండేది కాదు.

ఒకరోజు చేప వేపుడు తింటూ అడిగాడు: “అబీ, మీ ఊళ్ళో ఇళ్ళలో టాయిలెట్ ఏ రకం ఉంటుంది?”

“తింటున్నప్పుడా అడిగేది?”

“చెప్పు.”

“రెండు రకాలూ ఉంటాయి. ఒకటి వెస్టర్న్, ఇంకోటి ఇండియన్.”

చెంచా కింద పెట్టి పగలబడి నవ్వాడు. వాళ్ళ దేశంలో కమోడ్‌ను ‘ఆలాఫ్రాంగా’ అంటారట, అంటే ఐరోపావాళ్ళ తరహా. గొంతుక్కూర్చునేదాన్ని ‘ఆలాతుర్కా’ అంటారట, టర్కీ తరహా. “చూశావా, మీరూ మేమూ దేశం పేరు తీసుకెళ్ళి ఎక్కడ పెట్టుకున్నామో,” అన్నాడు. ఆ తర్వాత కొన్నాళ్ళు ఆఫీసులో ఎవరైనా లండన్ నుంచి వచ్చిన మేనేజరు ముందు గొంతు మార్చి మాట్లాడితే అతను నావైపు చూసి నెమ్మదిగా “ఆలాఫ్రాంగా” అనేవాడు. నేను స్క్రీన్ వెనక తల దాచుకుని నవ్వేవాణ్ణి. నేను గొంతు మార్చినప్పుడు కూడా అనేవాడు.

మనవాళ్ళలో ఒకడు అతన్ని మెచ్చుకోవాలనుకున్నాడు. “నువ్వు అచ్చం యూరోపియన్‌లా ఉంటావు, చూసినవాళ్ళెవరూ టర్కీ అనుకోరు,” అన్నాడు. అతని మొహం మాడిపోయింది. “దీనికి నేను థాంక్స్ చెప్పాలా?” అని అడిగాడు. ఆ మనవాడు వెళ్ళాక అతను నాతో అన్నాడు: “మా నాన్నతో ఈ మాట అని ఉంటే రాయించుకుని, సంతకం పెట్టించుకుని, ఫ్రేము కట్టించేవాడు.”

వాళ్ళ నాన్న అక్కడ ప్రభుత్వ ఉద్యోగి. టర్కీలో మామూలు ఇళ్ళలో గుమ్మం దగ్గరే చెప్పులు విప్పుతారు. మనలాగే. అతిథి వస్తే కాళ్ళకు వేసుకోవడానికి ఇంటి చెప్పులు ముందు పెడతారు, అది వాళ్ళ మర్యాద. వాళ్ళ నాన్నకు అది పల్లెటూరి పద్ధతి. ఐరోపాలో ఎవరూ బూట్లు విప్పరు గనుక తన ఇంట్లో కూడా ఎవరూ విప్పకూడదు. వచ్చినవాళ్ళు వంగబోతే “ఫర్వాలేదు, ఉంచుకోండి, ఉంచుకోండి” అని చేయి పట్టుకుని లోపలికి లాగేవాడట. వాళ్ళు వెళ్ళాక అమ్మ మోకాళ్ళ మీద కూర్చుని తివాచీ తుడిచేదట.

“ఒకసారి ఒక జర్మన్ ఇంజనీరు భోజనానికి వచ్చాడు,” అని చెప్పాడు. “ఎక్కడో చదివినట్టున్నాడు, టర్కీవాళ్ళు బూట్లు విప్పుతారని. నాన్న తలుపు తీసేసరికే విప్పేసి మేజోళ్ళతో నిలబడ్డాడు. నాన్న టై కట్టుకుని, మెరిసే బూట్లతో ఇవతల. ‘అయ్యో, వేసుకోండి’ అంటాడు నాన్న. ‘లేదు, మీ సంప్రదాయం నాకు తెలుసు’ అంటాడు అతను. భోజనం అయ్యేదాకా నాన్న ఆ మేజోళ్ళనే చూస్తూ కూర్చున్నాడు. జీవితంలో అంత అవమానం జరగలేదన్నట్టు.”

నేను కళ్ళలో నీళ్ళు వచ్చేలా నవ్వాను. అతనూ నవ్వాడు గానీ తొందరగా ఆపేశాడు. “మా నాన్న తెలివితక్కువవాడు కాదు అబీ. వాళ్ళలా కనబడితే వాళ్ళు మనల్ని చిన్నచూపు చూడరని నమ్మిన తరం అది. వాళ్ళు మమ్మల్ని ఎన్నడూ తమలో కలుపుకోలేదు. ఆసియావాళ్ళు అంటారు. అరబ్బులేమో మీరు ఐరోపావాళ్ళు అంటారు. ఇక్కడికొస్తే మీ సింగపూర్ కాగితాల్లో జాతి అనే గడిలో నన్ను ‘ఇతరులు’లో వేసింది. ఇంకో రకం బంధువులు ఉన్నారు నాకు, పడమటిది ఏదైనా పాపమే అంటారు. వాళ్ళే తెల్లవారకముందు వెళ్ళి జర్మనీ వీసా క్యూలో నిలబడతారు. నాకు వాళ్ళ రైళ్ళు కావాలి, కోర్టులు కావాలి, నాటకాలు కావాలి. మా అమ్మ తివాచీ మీద వాళ్ళ బూట్లు మాత్రం అక్కర్లేదు.”

ఇవన్నీ విన్నాను. అర్థం చేసుకున్నాననే అనుకున్నాను. అందుకే ఆ తర్వాత నేను చేసిన పనికి తెలియక చేశాననే సాకు లేదు.

అప్పుడు అతని భార్య గర్భిణి. అంకారా నుంచి అతని అమ్మ వచ్చి పురుడు చూసుకుని కొన్ని నెలలు ఉండాలని అనుకుంటున్నారు. ఉన్న ఇంటి గడువు అయిపోతోంది. కొత్త ఇల్లు దొరకడం లేదు. టర్కీ అనగానే ఏజెంట్లు ఇంకో రెండు ప్రశ్నలు వేసి తర్వాత ఫోన్ ఎత్తడం మానేసేవాళ్ళు. అది ఎలా ఉంటుందో నాకు తెలుసు. నేను ఈ దేశం వచ్చిన కొత్తలో ‘ఇండియనా? ఓనర్ వద్దంటున్నారు, సారీ’ అనే మాట ఎంతమంది నోట విన్నానో. ఆ మాట విన్న సాయంత్రాలన్నీ లిటిల్ ఇండియాలో ఒక హోటల్ బల్ల దగ్గర కూర్చుని తిట్టుకున్నవాణ్ణి.

మాకు తెలిసిన తెలుగు పెద్దాయన ఒకరున్నారు. ముప్పై ఏళ్ళుగా ఇక్కడే స్థిరపడినవారు, అందరం అంకుల్ అంటాం. ఫోన్ ఎత్తగానే ‘మకాన్ అయిందా?’ అని అడుగుతారు, తిన్నావా అని. హౌగాంగ్‌లో ఆయనకొక ఫ్లాట్ ఖాళీ అవుతోంది. నేను అడిగాను. “నీ స్నేహితుడంటే మనవాడే కదయ్యా. ఒకసారి మనిషిని చూసి ఇస్తాను,” అన్నారు. మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం ఉంది, అంకుల్ వస్తున్నారు. అతన్నీ భోజనానికి పిలిచాను. భార్యకు నీరసంగా ఉందని ఒక్కడే వచ్చాడు.

గంట మోగింది. తలుపు తీశాను. బయట వసారా నిండా చెప్పులు. అతను చేతిలో మిఠాయి డబ్బా పట్టుకుని ఆ చెప్పుల గుట్టను చూసి నవ్వుతున్నాడు, ఎన్నాళ్ళకో తనవాళ్ళ ఇంటికి వచ్చినవాడిలా. డబ్బా నాకిచ్చి, వంగి తాడు ముడి విప్పడం మొదలుపెట్టాడు.

“ఫర్వాలేదు, ఉంచుకో,” అన్నాను.

“అందరూ విప్పారు కదా.”

“వాళ్ళు వేరు. నీకు అలవాటు ఉండదు. రా, రా.” చేయి పట్టుకుని లోపలికి తెచ్చాను.

ఎందుకన్నానో ఇన్నేళ్ళలో నాకు నేను చాలా కారణాలు చెప్పుకున్నాను. అతిథికి ఇబ్బంది కలగకూడదని. తొందరలో నోరు జారిందని. అవన్నీ అబద్ధాలు. లోపల ఇరవై మంది తెలుగువాళ్ళున్నారు. వాళ్ళ ముందుకు ఒక తెల్లటి మనిషి, నీలికళ్ళవాడు, బూట్లతో నడిచి వస్తే మా ఇల్లు ఏదో పెద్ద ఇల్లు అయినట్టు నాకు అనిపించింది. మేజోళ్ళతో వస్తే అతను మాలో ఒకడు అయిపోతాడు. నాకు మాలో ఒకడు అక్కర్లేదు, ఐరోపావాడు కావాలి. దొరకలేదు గనుక ఉన్నవాణ్ణి అలా తయారుచేసుకున్నాను. అందరికీ విస్తరాకుల్లో వడ్డించి అతనికి మాత్రం పింగాణీ కంచం, ఫోర్కు ఇప్పించాను. మా ఆవిడ వంటింట్లో “చేత్తో తింటారేమో అడగండి,” అంది. నేను అడగలేదు.

అతను సోఫా అంచున కూర్చున్నాడు. బూట్లు రెండూ సోఫా కిందికి తోసేసి, వీలైనంత వెనక్కి పెట్టుకున్నాడు. పులిహోరను ఫోర్కుతో తిన్నాడు.

అంకుల్ బాల్కనీలోంచి వచ్చి చూశారు. అర కింద, దీపం ఇంకా వెలుగుతుండగా, బూట్లు.

“ఏమిటయ్యా ఇది? దేవుడి ముందు బూట్లేమిటి?” అన్నారు తెలుగులో, హాలంతా వినబడేలా.

అందరూ అతని కాళ్ళవైపు చూశారు. అప్పుడు నేను చెప్పాల్సింది ఒక్క ముక్క. నేను నవ్వాను. “ఏం చేస్తాం అంకుల్, వాళ్ళకు ఇవన్నీ తెలియవు కదా,” అన్నాను.

అతనికి తెలుగు రాదు. కానీ ఇంతమంది కళ్ళు తన పాదాల మీద ఉంటే ఎవరికైనా ఎంత భాష కావాలి? కంచం పక్కన పెట్టాడు. అక్కడే వంగి తాళ్ళు విప్పాడు. బూట్లు రెండూ చేత్తో పట్టుకుని, అందరి మధ్యనుంచి నడిచి, బయట చెప్పుల పక్కన పెట్టి వచ్చాడు. ఏమీ గొణగలేదు. తిరిగి వచ్చి అన్నం పూర్తిచేశాడు. మా ఆవిడకు దండం పెట్టి, “మీ చేతికి ఆరోగ్యం కలగాలి,” అన్నాడు. వండినవాళ్ళకు వాళ్ళు చెప్పే మాటట అది.

అతను వెళ్ళాక మా ఆవిడ గిన్నెలు తోముతూ అడిగింది. “ఉంచుకోమన్నది మీరే కదా. నేను విన్నాను.”

“ఇప్పుడు అదంతా ఎందుకు?”

“ఆయనకు ఇల్లు కావాలి కాబట్టి.”

“నేను మాట్లాడతాలే.”

మర్నాడు నేను మాట్లాడేలోపే అంకుల్ ఫోన్ చేశారు. “బూట్లేసుకుని దేవుడి ముందు కూర్చునేవాడికి నా ఇల్లివ్వనయ్యా. రేపు ఆ ఇంట్లో ఏం చేస్తాడో.” సరే అంకుల్ అన్నాను. ఆయన గొంతులో కోపం ఉంది, ఇప్పుడు నిజం చెబితే ఆ కోపం నా మీదికి తిరుగుతుంది. అంతకంటే పెద్ద కారణమేమీ లేదు.

ఆ సాయంత్రం ఆఫీసు అయ్యాక ఎక్స్‌పో స్టేషన్ ఎస్కలేటర్ దగ్గర అతనికి చెప్పాను. ఓనర్ కొడుక్కే ఇల్లు కావాల్సి వచ్చిందట అన్నాను.

“బూట్లా?” అని అడిగాడు.

“ఛ, అది కాదు.”

“అబీ, మా నాన్న కనీసం తన బూట్లు కూడా వేసుకునే ఉండేవాడు. నువ్వు నాకు వేయించి, నువ్వు ఉత్త కాళ్ళతో నిలబడ్డావు.” అని రైలెక్కేశాడు.

వాళ్ళకు చివరికి దొరికింది ఒకరి ఇంట్లో ఒక గది. వంటిల్లు అందరిదీ. ఇంకో మనిషి పడుకునే చోటు లేదు గనుక వాళ్ళమ్మ రాలేదు. పాప పుట్టినప్పుడు ఆస్పత్రిలో అతనొక్కడే ఉన్నాడని ఆఫీసులో ఎవరో అంటే విన్నాను. తర్వాత అతను ఉద్యోగం మారాడు. నేను పార్టీ ఇచ్చి పంపించాను. పార్టీలో అతను నన్ను అబీ అనలేదు.

కథ మాత్రం నాతోనే ఉండిపోయింది. అంకుల్ చెబితే మొదలైంది, తర్వాత ఎవరెవరో చెప్పారు. టర్కీవాళ్ళంటే ఇంతే, ఐరోపావాళ్ళమని పొగరు అని కొందరు. వాళ్ళ మతం అంత అని ఇంకొందరు. ఒకే మనిషి మీద రెండు నేరాలు, ఒకదానితో ఒకటి పొసగనివి, రెండింటికీ నవ్వులే. మన సంస్కృతి గురించి అప్పుడు అందరి గొంతులూ లేస్తాయి. పిల్లలకు అమెరికా యాస నేర్పించే ట్యూషన్ ఎక్కడుందో అదే గదిలో, అదే నోటితో, ఓ పది నిమిషాలకు మాట్లాడుకుంటారు. వాళ్ళను తిట్టే హక్కు నాకు లేదని తెలుసు. అయినా తిడుతున్నాను.

పోయిన నెల ఒక గృహప్రవేశంలో అంకుల్ మళ్ళీ ఎత్తుకున్నారు. ముగ్గు వచ్చి చేరింది అప్పుడే. కొత్తగా హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక జంట నోరు తెరుచుకుని వింటున్నారు.

“అంకుల్,” అన్నాను. “ముగ్గు లేదు. అతను విప్పబోతుంటే ఉంచుకోమన్నది నేను. చేయి పట్టుకుని లాక్కొచ్చింది నేను.”

“మరి అప్పుడే చెప్పొచ్చు కదయ్యా. ఇల్లు ఇచ్చేవాణ్ణి.”

“చెప్పలేదు.”

“ఇప్పుడు చెబితే ఏమొస్తుంది? పోనీలే.”

పక్కనున్నాయన నా భుజం తట్టాడు. “కథ బాగా వస్తోంది, మధ్యలో చెడగొట్టావు బాస్,” అన్నాడు. అందరూ నవ్వారు. కొత్త జంట కూడా. మా అమ్మాయికి ఇప్పుడు పద్నాలుగేళ్ళు. ఫోన్‌లోంచి తలెత్తకుండానే, ఇక్కడి పిల్లల యాసలో “నాట్ ఫన్నీ, లా,” అంది. ఆ గదిలో నాకు దొరికిన సమర్థన అదొక్కటే.

మర్నాడు అతనికి మెసేజ్ పెట్టాను. చాలాసేపటికి ‘టీ తాగడానికి రా’ అని వచ్చింది. ఇప్పుడు బూన్ లే వైపు ఉంటున్నాడు. ఆ సాయంత్రమే వెళ్ళాను. తలుపు అతనే తీశాడు. నేను వంగి బూట్లు విప్పబోయాను.

“ఫర్వాలేదు, ఉంచుకో,” అన్నాడు. మొహంలో నవ్వు లేదు. “నీకు అలవాటు ఉండదు.”

వెనకనుంచి తలకు గుడ్డ కట్టుకున్న పెద్దావిడ వచ్చి, అతని మోచేతి మీద ఒకటి వేసి, వాళ్ళ భాషలో ఏదో కసిరింది. వంగి నా పాదాల ముందు ఒక జత ఇంటి చెప్పులు పెట్టింది. వాళ్ళమ్మ. తివాచీ తుడిచిన ఆవిడ. నేనెవరో ఆవిడకు తెలియదు. అతను చెప్పలేదు. ఆవిడ టీ పోసి వంటింట్లోకి వెళ్ళింది.

నేను మొదలుపెట్టేలోపే అతను ఆపాడు. “క్షమాపణ చెప్పడానికి వచ్చావని తెలుసు. అది నీకు పనికొస్తుంది, నాకు కాదు. పాప క్లాసులో మీ తెలుగు అమ్మాయి ఉంది. పోయిన వారం వాళ్ళింట్లో పుట్టినరోజు. నా భార్య టర్కీ అని చెప్పగానే ఆ ఇంటావిడ నవ్వుతూ ఏం చెప్పిందో తెలుసా? మీ దేశం అతను ఒకడు బూట్లతో పూజగదిలోకి వెళ్ళాడట, మీరైనా చక్కగా విప్పారు, అని. నా పాప పక్కనే నిలబడి వింది. ఆ ఒకడు వాళ్ళ నాన్నేనని దానికి తెలియదు. ఎన్నాళ్ళు తెలియకుండా ఉంటుంది?”

“నేను నిన్న అందరి ముందూ చెప్పాను.”

“ఏమన్నారు?”

“నవ్వారు.”

“మళ్ళీ చెప్పు. ఆ కథ మీ భాషలో తిరుగుతోంది, నేను దాని వెనక పడలేను. నీకు వచ్చు కదా ఆ భాష.”

అందుకే తెలుగులో రాస్తున్నాను. మా వాట్సాప్ గ్రూపులో రాస్తే నవ్వే బొమ్మలు వచ్చాయి. ఒకరు దండం బొమ్మ పెట్టారు, దేనికో తెలియదు. ఇక్కడ ఎవరూ బొమ్మలు పెట్టలేరు.

ఆ కథ మీ ఇంట్లో ఎవరైనా మొదలుపెడితే ఆపండి. అతనికి బూట్లు విప్పడం తెలుసు. మనకంటే ముందే వంగాడు. ముగ్గు లేదు, గది లేదు, గొణుగుడు లేదు. ఇంటివాడు చేయి పట్టుకుని లోపలికి లాగాడు, అడిగినప్పుడు అతనికే తెలియదన్నాడు. ఎవరా ఇంటివాడు అంటే ఇది రాసినవాడేనని చెప్పండి. చెప్పేవాళ్ళలో సగం మందికి నేను తెలుసు.